ఇల్లు భూసేకరణలో పోతుంటే: కొలతల రోజు నుంచి పరిహారం చేతికొచ్చేదాకా

భోగాపురంలో విమానాశ్రయం, సంతబొమ్మాళి మండలం మూలపేటలో పోర్టు, రణస్థలం మండలం కొవ్వాడలో అణువిద్యుత్ కేంద్రం. ఈ మూడు ప్రాజెక్టుల్లోనూ పొలాలతో పాటు ఊళ్లు కూడా సేకరణ పరిధిలోకి వచ్చాయి. పొలం పోతే ఎకరాకి ఎంత అన్న ఒక్క ప్రశ్న చుట్టూ మాట నడుస్తుంది. ఇంటి లెక్క అలా తేలదు. గోడ, పైకప్పు, నుయ్యి, పెరట్లో కొబ్బరి, పెళ్లికాని కూతురి వయసు, చెన్నైకి కూలికి వెళ్లిన కొడుకు పేరు, అన్నీ విడివిడిగా రిజిస్టర్‌లోకి ఎక్కాలి. ఎక్కనిది లేనట్టే. డబ్బు తగ్గిందని అవార్డు (పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు) వచ్చిన రోజున జనం కలెక్టరేట్‌కి వెళ్తారు, కానీ ఆ తగ్గుదల చాలాసార్లు ఏడాది ముందే, టేపు పట్టుకుని ఇంటికొచ్చిన రోజునే జరిగిపోయి ఉంటుంది.

నోటీసు పై వరుస చదవండి

కాగితం చేతికి రాగానే చూడాల్సింది అది ఏ చట్టం కింద వచ్చిందన్నది. 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 11 కింద ప్రాథమిక నోటిఫికేషన్ అయితే, ప్రచురించిన తేదీ నుంచి 60 రోజుల్లోగా కలెక్టర్‌కి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పుకోవచ్చు. జాతీయ రహదారుల చట్టం కింద, అంటే 16వ నంబరు హైవే లాంటి రోడ్డు పని కోసం అయితే ఆ గడువు 21 రోజులే. రెండు నెలలుంది కదా అని ఊరుకుని హైవే కేసులో గడువు పోగొట్టుకున్నవాళ్లకి తర్వాత పరిహారం మీద వాదనే మిగులుతుంది, సేకరణే వద్దన్న వాదన పోతుంది.

నోటిఫికేషన్ గెజిట్‌లో, రెండు దినపత్రికల్లో (ఒకటి తెలుగుది), పంచాయతీ, తహసీల్దారు, ఆర్డీవో, కలెక్టర్ ఆఫీసుల్లో రావాలి. మీ సర్వే నంబరు, విస్తీర్ణం అందులో ఎలా పడ్డాయో చూసి ఆ పత్రిక కటింగ్ దాచండి. ఆ తేదీ తర్వాత కలెక్టర్ అనుమతి లేకుండా ఆ భూమి మీద అమ్మకం, తనఖా, దానపత్రం ఏదీ చెల్లదు. "ఇప్పుడే కొడుకు పేర రాసేద్దాం" అనే ఆలోచన ఆ రోజుతో ఆగిపోవాలి.

సామాజిక ప్రభావ అధ్యయనం (సేకరణ వల్ల జనానికి జరిగే మేలూ నష్టం ముందే లెక్కగట్టడం) జరగలేదు కాబట్టి సేకరణను కోర్టు కొట్టేస్తుందని కొందరు ధైర్యం చెబుతారు. మన ఆంధ్రప్రదేశ్ 2018లో చట్టాన్ని సవరించుకుంది. పారిశ్రామిక కారిడార్లు, భూమి యాజమాన్యం ప్రభుత్వం దగ్గరే ఉండే పీపీపీ (ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య) ప్రాజెక్టులు లాంటి కొన్నింటికి ఆ అధ్యయనం నుంచి మినహాయింపు ఇవ్వొచ్చు. మీ ప్రాజెక్టుకి ఆ మినహాయింపు జీవో ఉందో లేదో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి తెలుసుకున్నాకే ఆ వాదన పట్టుకోండి.

అభ్యంతరం రాసేటప్పుడు "మా తాతల నాటి ఇల్లు, ఇవ్వం" అన్న ఒక్క మాట దగ్గర ఆగకండి. అది నిజమే, రాయండి కూడా. కానీ విచారణ అధికారి తన నివేదికలో జవాబు చెప్పక తప్పనివి వేరే ఉంటాయి: ఇంత విస్తీర్ణం అవసరమా, పక్కన బీడు సర్వే నంబర్లు ఉండగా ఊరెందుకు, హద్దు పది మీటర్లు జరిపితే ఎన్ని ఇళ్లు మిగులుతాయి. గ్రామ పటం నకలు మీద ఇళ్లను గుర్తుపెట్టి జత చేయండి. సేకరణ గీత మీ ఇంటి మధ్య నుంచి వెళ్తుంటే సెక్షన్ 94 మీ చేతిలో ఉంది. ఇంట్లో కొంత భాగమే తీసుకుంటామంటే, మొత్తం ఇల్లూ తీసుకోవాలని యజమాని కోరవచ్చు. వంటిల్లు, మరుగుదొడ్డి పోయి ముందు గదులు మాత్రం మిగిలిన ఇంట్లో ఎవరూ కాపురం ఉండలేరు. ఆ కోరికను గడువులోనే కాగితం మీద పెట్టాలి.

ప్రతి అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లి, రెండోదాని మీద తేదీతో ఆఫీసు ముద్ర వేయించుకోండి. ముద్ర వేయడానికి ఒప్పుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు, డెలివరీ కాగితం దాచండి. అభ్యంతరం చెప్పినవాళ్లని పిలిచి వినాలి. మీరే వెళ్లొచ్చు, మీ తరఫున మనిషినో వకీలునో పంపొచ్చు.

గ్రామకంఠంలో ఇల్లు, పట్టా లేదు. ఏం చూపాలి?

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో పాత ఇళ్లు ఎక్కువగా గ్రామకంఠంలోనే ఉంటాయి. వాటికి 1బి (రెవెన్యూ భూమి రికార్డు) ఉండదు, పాస్‌పుస్తకం ఉండదు. "ఇది ప్రభుత్వ స్థలం, కట్టడం విలువ మాత్రమే ఇస్తాం" అని ఎవరైనా అంటే అక్కడే ఒప్పుకోకండి. గ్రామకంఠం ఊరివాళ్లు ఇళ్లు కట్టుకోవడానికి విడిచిన స్థలం. అది దానంతటదే ప్రభుత్వానిది అయిపోదని హైకోర్టు గతంలో తీర్పు చెప్పింది. స్థలం విలువ అడగండి.

అడగాలంటే అనుభవం చూపాలి. పంచాయతీ ఇంటి పన్ను రసీదులు ఎంత పాతవైతే అంత మంచిది. కరెంటు సర్వీసు నంబరు ఇచ్చిన తేదీ, ఓటరు జాబితాలో ఇంటి నంబరు, రేషన్ కార్డు, ఇంటి రుణం కాగితాలు, పాత పంపకాల చిట్టా, మీ ఇంటిని హద్దుగా రాసిన ఎదురింటివాళ్ల దస్తావేజు కూడా పనికొస్తుంది. రసీదులు చెదలు తినేస్తే పంచాయతీ కార్యదర్శి దగ్గర డిమాండ్ రిజిస్టర్ నకలు అడగండి. రీసర్వేలో ఆస్తి కార్డు వచ్చి ఉంటే కొలతలు ఇప్పుడే సరిచూసుకోవాలి.

డి పట్టా (ప్రభుత్వం పేదలకి ఇచ్చిన) భూమిలో కట్టుకున్నవాళ్లు కూడా చట్టం ప్రకారం బాధిత కుటుంబమే. సొంత స్థలమే లేకుండా ఆ ఊళ్లో మూడేళ్లకు పైగా వరుసగా నివసిస్తున్న కుటుంబానికీ ఇంటి హక్కు ఆ చట్టం రెండో షెడ్యూలులో ఉంది. అద్దెకున్నవాళ్లు, పోరంబోకులో పాక వేసుకున్నవాళ్లు "మాకేం రాదులే" అని సర్వేకి దూరంగా ఉండిపోవడం చాలా ఊళ్లలో జరిగే పొరపాటు.

ఇంకొకటి. తండ్రి పేర ఉన్న ఇంటికి నలుగురు అన్నదమ్ములు వాటా అడిగి ఒప్పందానికి రాకపోతే, పరిహారం ఎవరికీ చేరకుండా అథారిటీ (భూసేకరణ వివాదాలు తేల్చే సంస్థ) దగ్గర డిపాజిట్ అవుతుంది. వాటాలు పెద్దమనుషుల ముందు తేల్చుకుని, రాసుకుని, అందరూ సంతకం చేసిన ఒకే క్లెయిము వేయండి. ఇంటి మీద బ్యాంకు అప్పుంటే దాచొద్దు. బ్యాంకు బాకీ పోగా మిగిలింది మీకొస్తుంది, దాచితే మొత్తం ఆగుతుంది.

టేపు వచ్చే రోజు

కట్టడాల విలువ ఆర్ అండ్ బీ ఇంజినీర్లు కడతారు. పండ్ల చెట్లకి ఉద్యానశాఖ, కలప చెట్లకి అటవీశాఖ వస్తాయి. మీరు చేయాల్సిందల్లా వాళ్లకంటే ముందు మీ కొలతలు మీరు రాసుకోవడం.

ఇల్లు బయటి గోడ అంచు నుంచి బయటి గోడ అంచు వరకు కొలవండి. గదుల లోపల కొలిస్తే గోడల మందం లెక్కలోంచి పోతుంది. పాత పెంకుటింట్లో మట్టి గోడ మందం అడుగున్నర కూడా ఉంటుంది. బయట 30 అడుగులు, 24 అడుగులు ఉన్న ఇల్లు 720 చదరపు అడుగులు, అంటే దాదాపు 67 చదరపు మీటర్లు. అదే ఇంటిని లోపలి నుంచి కొలిస్తే, నాలుగు వైపులా అడుగున్నర పోయి 27 అడుగులు, 21 అడుగులు, అంటే 567 మిగులుతుంది. నూట యాభై అడుగులు గోడలోనే పోయాయి.

తర్వాత ఒక్కొక్కటీ వివరంగా: పునాది ఎత్తు, గోడ మట్టిదా ఇటుకదా రాయా, పైన తాటాకా పెంకా రేకా స్లాబా, నేల గచ్చా నాపరాయా టైల్సా, తలుపులు కిటికీలు ఎన్ని, ఏ కర్ర, అటక, మెట్లు, పిట్టగోడ, వైరింగు. అరుగు, వసారా విడిగా రాయించండి. ఇంటి బయట ఉన్నవి మర్చిపోవడం మరీ ఎక్కువ: పశువుల శాల, కళ్లాం, నుయ్యి లోతు, దాని వరల సంఖ్య, బోరు లోతు, మోటారు, మరుగుదొడ్డి, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ పొడవు ఎత్తు, గేటు, తులసి కోట, వలలు దాచుకునే పాక, కిరాణా బడ్డీ.

చెట్లు లెక్కపెట్టి ప్రతిదాని మీదా సున్నంతో అంకె వేయండి. కొబ్బరి అయితే కాపు పట్టిందా లేదా, వయసు ఎంత అన్నది రాయించాలి. ఉద్దానం వైపు పెరట్లో కూడా పది కొబ్బరి, రెండు పనస, నాలుగు జీడి ఉండడం మామూలే. "కొబ్బరి చెట్లు - 10" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే మొక్కకీ కాపుచెట్టుకీ ఒకే ధర కట్టే వీలుంటుంది. టేకు, వేప, సరుగుడు లాంటివి ఛాతీ ఎత్తులో చుట్టుకొలత తీయాలి.

అదే రోజు ఫోన్లో వీడియో తీయండి. వీధి నుంచి మొదలుపెట్టి ఆగకుండా ప్రతి గది, పైకప్పు లోపలి వైపు, పెరడు, నుయ్యి, చెట్టు చెట్టూ చూపండి. మొదట్లో ఆ రోజు పేపరు తేదీ చూపండి. తర్వాత ఇల్లు కూల్చేశాక మీ దగ్గర మిగిలే సాక్ష్యం అదే.

పంచనామా మీద సంతకం పెట్టే ముందు గట్టిగా చదివించుకోండి. ఖాళీ గడులున్న కాగితం మీద, పెన్సిలుతో రాసినదాని మీద సంతకం పెట్టకండి. ఏదైనా తప్పిపోతే సంతకం పక్కనే "నుయ్యి, పశువుల శాల నమోదు కాలేదు" అని మీ చేత్తో రాసి తేదీ వేయండి. కాపీ ఇవ్వకపోతే ఫొటో తీసుకుని, వారంలోగా తప్పిపోయినవాటి జాబితాతో అర్జీ ఇవ్వండి.

విలువ కట్టిన అంచనా పత్రం వచ్చాక రెండు చోట్ల వేలు పెట్టి చూడాలి. ఏ సంవత్సరపు ఎస్ఎస్ఆర్ (నిర్మాణ పనులకి ప్రభుత్వం పెట్టిన ధరల పట్టిక) రేట్లు వాడారు? ఇల్లు పాతదని తరుగుదల ఎంత శాతం కోశారు? నలభై ఏళ్ల పెంకుటిల్లు విలువను సగానికి తెస్తే ఆ డబ్బుతో కొత్త పెంకుటిల్లు కాదు కదా, గోడలు కూడా లేవవు. ఆ కోతను క్లెయిములో ప్రత్యేకంగా అభ్యంతరపెట్టండి. దూలాలు, తలుపులు, పెంకు మీరే తీసుకెళ్లొచ్చా అన్నది కూడా రాతపూర్వకంగా అడిగి ఉంచుకోండి.

తాళం వేసిన ఇళ్లు, పెద్దవాళ్లైన పిల్లలు

పునరావాస సర్వే కుటుంబాలను లెక్కపెడుతుంది. మన ప్రాంతంలో ఈ లెక్క తప్పడానికి వలసే కారణం. హైదరాబాద్, చెన్నైల్లో నిర్మాణ పనులకు వెళ్లినవాళ్లు, వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ వెళ్లిన మత్స్యకారులు సర్వే రోజున ఊళ్లో ఉండరు. తాళం చూసి "నివాసం లేరు" అని రాస్తే తర్వాత మార్పించడం నెలల పని. సర్వే తేదీ తెలియగానే కబురు పెట్టండి. రాలేకపోతే ఇక్కడున్న బంధువుకి అధికార పత్రం ఇచ్చి, రేషన్ కార్డు, ఓటరు కార్డు, పిల్లల బడి కాగితాలు అతని చేతికివ్వండి.

చట్టంలో కుటుంబం అంటే భార్యాభర్తలు, మైనరు పిల్లలు, ఆధారపడిన మైనరు తమ్ముళ్లు, చెల్లెళ్లు. 18 నిండిన ప్రతి ఒక్కరూ, ఆడైనా మగైనా, పెళ్లైనా కాకపోయినా విడి కుటుంబం కింద లెక్క. వితంతువు, విడాకులు తీసుకున్న స్త్రీ, ఇంటివాళ్లు వదిలేసిన స్త్రీ కూడా విడి కుటుంబాలే. వంశధార ప్రాజెక్టు నిర్వాసితుల కాలం నుంచీ మన దగ్గర "యూత్ ప్యాకేజీ" అన్న మాట ఉంది. జనం దాన్ని కొడుకుల హక్కుగానే చూస్తారు. పెళ్లికాని కూతురి పేరు వదిలేస్తారు, ఆమె కూడా ఆ హక్కుదారే. ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పుంటే పదో తరగతి ధ్రువపత్రం పెట్టి, వయసు లెక్కకి పెట్టిన కటాఫ్ తేదీకి ముందే సరిచేయించండి. ఒక్క నెల తేడాతో పేరు పోతుంది.

రెండో షెడ్యూలు ప్రకారం ఖాళీ చేసే కుటుంబానికి రావాల్సినవి: పల్లెలో ఇల్లు పోతే కట్టిన ఇల్లు, లేదా కోరుకుంటే దాని ఖరీదు, ఏడాది పాటు నెలకు 3,000 రూపాయల జీవనభృతి, సామాన్ల రవాణాకి 50,000, ఒకసారి ఇచ్చే పునఃస్థాపన భత్యం 50,000, పశువుల శాలకో చిన్న దుకాణానికో కనీసం 25,000, చేతివృత్తివాళ్లకి, చిన్న వ్యాపారులకి కనీసం 25,000. వీటితో పాటు ప్రాజెక్టులో ఉద్యోగం, లేదంటే ఒకేసారి 5 లక్షలు, లేదంటే 20 ఏళ్ల పాటు నెలకు కనీసం 2,000 (ధరల సూచీతో పెరుగుతూ). ఇవి కింది హద్దులు. ప్రాజెక్టు జీవోలో ఎక్కువుంటే ఎక్కువే ఇవ్వాలి. కొత్త ఇల్లు భార్యాభర్తలిద్దరి పేరా ఉండొచ్చు, రిజిస్ట్రేషన్ ఖర్చు మీ మీద పడకూడదు.

లెక్క మీరే వేసి చూడండి

స్థలం మార్కెట్ విలువకి రిజిస్ట్రేషన్ శాఖ విలువ ఒకటి, చుట్టుపక్కల గత మూడేళ్ల అమ్మకాల సగటు ఒకటి చూసి ఏది ఎక్కువైతే అది తీసుకోవాలి. ఆ సగటుకీ పద్ధతుంది: దొరికిన దస్తావేజుల్లో ఎక్కువ ధర ఉన్న సగాన్ని మాత్రమే తీసుకుంటారు. ఎనిమిది ఉంటే పై నాలుగు. ఇళ్ల స్థలానికి మెట్ట భూమి ఎకరాల దస్తావేజులు పోలిక పెడితే ధర పడిపోతుంది. సెంట్ల లెక్కన అమ్మిన ఇళ్ల స్థలాల దస్తావేజులు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మీరే నకళ్లు తీసి క్లెయిముతో ఇవ్వండి.

దానికి పల్లెల్లో 1 నుంచి 2 మధ్య ప్రభుత్వం నిర్ణయించిన గుణకం వేస్తారు. ఉదాహరణకి గుణకం 1.25 అనుకుందాం. 5 సెంట్లు, సెంటు 60,000 చొప్పున 3,00,000. గుణకంతో 3,75,000. ఇల్లు, నుయ్యి, చెట్లు కలిపి 4,65,000. మొత్తం 8,40,000. దీనికి నూరు శాతం సొలేషియం (బలవంతంగా తీసుకుంటున్నందుకు అదనంగా ఇచ్చేది), ఇంకో 8,40,000. వెరసి 16,80,000. ఇది కాక గుణకం వేయని స్థలం మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం అదనం. పద్దెనిమిది నెలలకి 54,000. అంతా కలిపి 17,34,000. ఆ 12 శాతం ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు కట్టారో అవార్డులో వెతకండి.

ఇక్కడే పెద్ద పొరపాటు దొర్లుతుంది. సొలేషియం స్థలానికి మాత్రమే వేసి, ఇంటికి ఒంటి విలువ ఇస్తే పై లెక్కలో 4,65,000 తగ్గుతుంది. మొదటి షెడ్యూలు స్పష్టంగా చెబుతుంది: గుణకం వేసిన స్థలం విలువ, దాని మీదున్న ఆస్తుల విలువ, రెండూ కలిపిన మొత్తం మీద సొలేషియం. మీ అవార్డు నకల్లో ఆ వరుస పక్కన వేలు పెట్టి కూడిక చేసుకోండి.

అవార్డు కింద వచ్చే పరిహారం మీద సెక్షన్ 96 ప్రకారం ఆదాయపు పన్ను లేదు. ఎవరైనా టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోస్తే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు.

సంతకం, చెక్కు, గడువు

సమ్మతి ఒప్పందం కాగితం పెడితే ఇంటికి తెచ్చుకుని చదవండి. ఒప్పుకున్న ధరకి సంతకం చేశాక పెంపు అడిగే దారి దాదాపు మూసుకుపోతుంది. ధర నిజంగా బాగుంటే తీసుకోవడంలో తప్పులేదు, కేసులు ఏళ్లు నడుస్తాయి. కానీ పునరావాస హక్కులు కూడా అందులో వదులుకుంటున్నారా అన్నది ఒక్కో వాక్యం చూడాలి.

మామూలు అవార్డయితే డబ్బు తీసుకునేటప్పుడు రసీదు మీద ఇది రాయండి: "పరిహారం చాలదన్న అభ్యంతరంతో మాత్రమే ఈ మొత్తం తీసుకుంటున్నాను. పెంపు కోరే హక్కు వదులుకోవడం లేదు." ఈ మాట లేకుండా తీసుకున్నవారికి సెక్షన్ 64 కింద పెంపు కోరే హక్కు ఉండదు. అర్జీ కలెక్టర్‌కే ఇవ్వాలి. అవార్డు చెప్పేటప్పుడు మీరక్కడుంటే ఆరు వారాలు. లేకపోతే నోటీసు అందినప్పటి నుంచి ఆరు వారాలు, అవార్డు తేదీ నుంచి ఆరు నెలలు, వీటిలో ముందు ముగిసేది. కలెక్టర్ దాన్ని 30 రోజుల్లో అథారిటీకి పంపాలి. మీరు వేయకపోయినా, అదే నోటిఫికేషన్‌లోని పక్కింటివాళ్లకి అథారిటీ పెంచితే, ఆ తేదీ నుంచి మూడు నెలల్లో మీరూ అదే రేటు అడగొచ్చు. మహిళలకి, ఎస్సీ ఎస్టీలకి జిల్లా న్యాయసేవాధికార సంస్థ వకీలుని ఉచితంగా ఇస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం రెండుచోట్లా జిల్లా కోర్టులో అడగండి.

ఖాళీ చేసే ముందు

పరిహారం అవార్డు నుంచి మూడు నెలల్లో, పునరావాసపు నగదు ఆరు నెలల్లో ఇవ్వాలి. ఇవి పూర్తిగా ఇవ్వకుండా స్వాధీనం చేసుకోకూడదు. పునరావాస కాలనీ చూడటానికి వానాకాలంలో వెళ్లండి. ఎండాకాలంలో చదునుగా కనిపించిన లేఅవుట్ గెడ్డ (వాగు) పక్కనుంటే ఆషాఢంలో తెలుస్తుంది. మూడో షెడ్యూలు జాబితా చేత్తో పట్టుకుని నడవండి: మురుగు కాలువ, తాగునీరు, పశువులకి నీళ్లు, శ్మశానం, అంగన్‌వాడీ, రెండు కిలోమీటర్లలోపు ఉప ఆరోగ్య కేంద్రం, నూరు కుటుంబాలకి ఒక సామాజిక భవనం, యాభై కుటుంబాలకి ఒక గుడి, రచ్చబండ. రచ్చబండ కూడా చట్టంలో ఉందని చాలామందికి తెలియదు. లేనివాటిని గ్రామసభలో తీర్మానం చేయించి సోమవారం గ్రీవెన్సులో ఇవ్వండి.

స్వాధీనం చేసిన తేదీ ఉన్న పంచనామా నకలు పెట్టెలో భద్రం చేయండి. అమెరికాలోని న్యూ లండన్ పట్టణంలో ఇళ్లు తీసుకుని అభివృద్ధి చేస్తామన్న ప్రణాళికను 2005లో అక్కడి సుప్రీంకోర్టు 5-4 తేడాతో సమర్థించింది, తర్వాత ఆ స్థలం ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంది. మన చట్టంలో సెక్షన్ 101 ఉంది: స్వాధీనం నుంచి ఐదేళ్లు వాడకపోతే భూమి పాత యజమానికో వారసులకో, లేదా ప్రభుత్వ భూమి బ్యాంకుకో వెళ్లాలి. ఆ ఐదేళ్లు లెక్కపెట్టడానికి ఆ తేదీ కావాలి.

సామాన్లు ఎక్కించిన రోజే కరెంటు ఆఫీసుకి వెళ్లి పాత సర్వీసు తీయించి, బాకీ లేదన్న కాగితం తీసుకోండి. లేకపోతే లేని ఇంటికి నెలనెలా కనీస చార్జీ పడుతుంది, కొత్త కాలనీలో మీటరు అడిగినప్పుడు ఆ బాకీ ముందు కట్టమంటారు.